లాల్ దర్వాజ పిల్ల సింగపూర్‌లో దొరికింది

సింగపూర్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గర కొన్నాళ్ళుండి ఈమధ్యే తిరిగొచ్చాను. మెరీనా బే, గార్డెన్స్, సెంటోసా, వీటి గురించి ఇప్పటికే చాలామంది రాశారు, నేను ఆ జోలికి పోను. నాకు అక్కడ నా స్నేహితురాలు దొరికింది. ముప్పై ఏళ్ళకు పైగా ఎక్కడుందో, ఎలా ఉందో, అసలు ఉందో లేదో కూడా తెలియని మనిషి. ఆ సంగతి రాద్దామనే కూర్చున్నాను. పేరు మాత్రం రాయను, తన పేరు నలుగురి నోళ్ళలో పడటం తనకిష్టం ఉండదు.

మేమిద్దరం 1989లో కోఠి విమెన్స్ కాలేజీలో బీఏలో చేరాం. హైదరాబాద్ వాళ్ళకు ఆ కాలేజీ గురించి చెప్పక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. అది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. 1800ల మొదట్లో కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ వాళ్ళ ప్రతినిధి, కట్టించాడు. ముందు ఎత్తయిన స్తంభాలు, వెడల్పాటి మెట్లు, మెట్లకు రెండు పక్కలా రెండు రాతి సింహాలు. 1857 జులైలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషుల్ని వెంటబెట్టుకుని దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. 1949 నుంచి అందులో ఆడపిల్లలు చదువుకుంటున్నారు. మేం చదివే రోజులకు భవనం బాగా పాడైపోయి ఉండేది, గోడలు పెచ్చులూడేవి, వర్షం వస్తే ఎక్కడెక్కడ కారుతుందో మాకు కంఠతా వచ్చు. అయినా ఆ సింహాల దగ్గర కూర్చుంటే మాకు లోకంతో పనుండేది కాదు.

కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా పర్దాలో ఉండేది కాబట్టి, ముందు వైపుకి వచ్చి భవనాన్ని చూసే వీలు లేదని, అచ్చం అలాగే ఉండే చిన్న నమూనా కట్టించి ఆమె ఉండే జెనానా తోటలో పెట్టించాడని ఒక కథ ఉంది. ఆ నమూనా మా కాలేజీ వెనక వైపు శిథిలమైపోయి ఉండేది. మేమందరం ఆహా ఎంత ప్రేమో అనుకుంటే, నా స్నేహితురాలు మాత్రం నిలబడి, "గంత పెద్ద ఇల్లు కట్టి ఆమెకు బొమ్మ చూపిస్తడా? చెయ్యి పట్టుకొని తీస్కొచ్చి చూపియ్యాలె గని" అంది. పదిహేడేళ్ళ పిల్ల. ఆ మాటతోనే నాకు అది నచ్చేసింది.

దానిది లాల్ దర్వాజ. వాళ్ళ నాన్న చార్మినార్ దగ్గర ఒక గాజుల దుకాణంలో లెక్కలు రాసేవారు. తెలుగు, ఉర్దూ ఒకే గుక్కలో మాట్లాడేది. ఎన్‌సీసీలో ఉండేది, నడకే వేరుగా ఉండేది, వెనక నుంచి చూసినా గుర్తుపట్టేదాన్ని. మాది చిక్కడపల్లి, ఒక మేడ మీద రెండు గదుల వాటా, నాన్న గుమాస్తా. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు మార్చుకునేవాళ్ళం, ఎందుకంటే వాళ్ళమ్మ చేసే సర్వపిండి నాకు ప్రాణం, మా అమ్మ చేసే పులిహోర దానికి ప్రాణం. డబ్బులుంటే గోకుల్ చాట్, లేకపోతే సుల్తాన్ బజార్‌లో ఊరికే గాజులూ రిబ్బన్లూ చూసుకుంటూ తిరగడం.

అన్నిటికంటే ఇష్టమైన పని ఇంకోటి ఉండేది. క్లాసులు తొందరగా అయిపోయిన రోజు కోఠి నుంచి ఆబిడ్స్ దాకా నడిచి వెళ్ళి 7 జెడ్ డబుల్ డెక్కర్ ఎక్కేవాళ్ళం. జూ పార్క్ నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్ళే బస్సు. స్టూడెంట్ పాస్ ఉండేది కాబట్టి టికెట్ బాధ లేదు. పైన, ముందు సీటు. ట్యాంక్‌బండ్ మీదికి రాగానే గాలికి చున్నీలు ఎగిరిపోతుంటే రెండు చేతులతో పట్టుకుని కూర్చునేవాళ్ళం. 1990 మార్చిలో బుద్ధుడి విగ్రహాన్ని తీసుకెళ్తూ ఉంటే హుస్సేన్‌సాగర్‌లో మునిగిపోయింది కదా, మనుషులు కూడా పోయారు, ఆ తర్వాత బస్సు అక్కడికి రాగానే ఇద్దరం మాటలాపి నీళ్ళ వైపు చూసేవాళ్ళం. ఏమీ కనిపించేది కాదు. అయినా చూసేవాళ్ళం.

ఆ ఏడాదే డిసెంబరులో నగరంలో మత ఘర్షణలు చెలరేగాయి, పాతబస్తీ అంతా కర్ఫ్యూ. ఆ రోజులు చూసినవాళ్ళకు తెలుసు, ఇప్పటికీ తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. అప్పటికే ఇది ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌కు ఎంపికైంది, వెళ్ళేముందు సికింద్రాబాద్‌లో రోజూ డ్రిల్లు ఉండేది, లాల్ దర్వాజ నుంచి కాలు బయట పెట్టే వీల్లేదు. కర్ఫ్యూ సడలించిన ఒక రెండు గంటల్లో వాళ్ళ నాన్న ఎవరి స్కూటరో అడిగి తెచ్చుకుని దీన్ని మా ఇంట్లో దించారు. "మీ పిల్ల లెక్క జూస్కోండమ్మా" అని మా అమ్మకు చెప్పి, టైమైపోతుందని కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

అలా ఢిల్లీ రైలెక్కే దాకా మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ అన్నం వార్చిన గంజి పక్కన పెట్టేది, ఇది ఆ గంజిని పల్చన చేసి ఖాకీ యూనిఫాం ముంచి ఆరేసేది, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మడత మీద మడత పడకుండా రుద్దేది. ప్యాంటు మడత మీద వేలు పెట్టి "కోసుకుంటది జూడు" అనేది. రాత్రి మెట్ల మీద కూర్చుని బెల్టు బకిల్ చింతపండుతో తోమేది, తర్వాత బూట్లకు పాలిష్ పట్టించి, చిన్న దూది ఉండని తడిపి, గుండ్రంగా, మెల్లగా, ముక్కు దగ్గర మొదలుపెట్టి రుద్దుతూనే ఉండేది, దాంట్లో వీధి లైటు కనబడే దాకా. నేను పక్కన కూర్చుని పరీక్ష పాఠాలు పైకి చదివేదాన్ని, అది బూట్లు రుద్దుతూ వినేది. అలాగే చదివింది, అలాగే పాసయ్యింది. లాల్ దర్వాజలో వాళ్ళమ్మా నాన్నా ఎలా ఉన్నారోనని రాత్రిళ్ళు నిద్రపోయేది కాదు, పగలు మాత్రం ఒక్క మాట బయటపడనిచ్చేది కాదు.

జనవరి 26న కింద వాటా ఓనర్ల టీవీ ముందు మా ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. ఎన్‌సీసీ ఆడపిల్లల బృందం వచ్చింది, అందరూ ఒకేలా ఉన్నారు, కెమెరా ఒక్క క్షణం కూడా ఆగలేదు. మా అమ్మ మాత్రం "అదిగో, అదిగో మన పిల్ల" అంటూనే ఉంది. ఢిల్లీ నుంచి వచ్చాక ఆ యూనిఫాంలోనే సింహం మీద చెయ్యి వేసి ఫోటో దిగింది, నన్ను కూడా లాగి పక్కన నిలబెట్టింది.

1992 ఎండాకాలంలో పరీక్షలు అయ్యీ అవకముందే దాని పెళ్ళయిపోయింది. అబ్బాయిది జగిత్యాల వైపు పల్లె, సింగపూర్‌లో షిప్‌యార్డులో వెల్డరు. ఇంకో ఏడాదికి నాకూ అయింది. మొదట్లో ఉత్తరాలు రాసుకున్నాం. తర్వాత మేం చిక్కడపల్లి వాటా ఖాళీ చేశాం, వాళ్ళ నాన్న పోయారు, అన్నదమ్ములు లాల్ దర్వాజ ఇల్లు అమ్ముకుని తలోదారీ వెళ్ళారు. అంతే, తెగిపోయింది.

ఇది మా ఇద్దరికే జరిగింది కాదు. నా తరం ఆడవాళ్ళను ఎవరినైనా అడగండి, డిగ్రీ ఫ్రెండ్స్ ఎంతమంది మిగిలారని. మా ఆయనకు ఆరో తరగతి నాటి స్నేహితులు కూడా ఇప్పటికీ ఉన్నారు, ఎందుకంటే వాళ్ళ ఇంటి పేర్లు అవే, వాళ్ళ ఊళ్ళు అవే, ఎవరి గురించి అడగాలన్నా వాళ్ళ నాన్న దుకాణమో పొలమో అక్కడే ఉంటుంది. మాకు పెళ్ళితో ఇంటి పేరు మారింది, ఊరు మారింది, కొందరికి అత్తగారింట్లో పెట్టిన కొత్త పేరు కూడా వచ్చింది. ఫోన్లు ఎక్కడివి అప్పట్లో? మా ఇంటికి ఫోను చేయాలంటే కింద ఓనర్ల నంబరే, పక్కన పి.పి. అని రాసుకునేవాళ్ళం. ఇల్లు మారితే ఆ నంబరు పోయినట్టే. ఫేస్‌బుక్ వచ్చాక దాని పేరు కొట్టి ఎన్ని రాత్రులు వెతికానో, అదే పేరుతో వందల మంది, ప్రొఫైల్‌లో పిల్లల ఫోటోలో, దేవుడి ఫోటోలో. ఇక ఏ ఇంటి పేరుతో వెతకాలి?

బోనాల పండక్కి మాత్రం ఆశ ఉండేది. ఆషాఢంలో లాల్ దర్వాజ సింహవాహిని అమ్మవారి బోనాలంటే ఎక్కడున్న ఆడబిడ్డయినా పుట్టింటికి రావాల్సిందే. ఇల్లు అమ్మేసినా ఆ వీధికి రాకుండా ఉంటుందా అనుకుని, మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఆ ఆదివారం వెళ్ళి, బోనం ఎత్తుకుని వరసలో వచ్చే ఆడవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడేదాన్ని. పసుపు పూసుకున్న కాళ్ళు, వేపాకులు, డప్పులు, నెత్తిన దీపంతో కదిలిపోయే ఆ వరసలో నడకను బట్టి పట్టేద్దామనుకునేదాన్ని. కనిపించలేదు.

ఇప్పుడు సింగపూర్ సంగతి. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, మెట్రోలో ఫారర్ పార్క్ స్టేషన్ దిగితే పక్కనే. తమిళుల పురటాసి నెలలో శనివారాలు ఆ గుడి కిటకిటలాడుతుంది. మా అమ్మాయి నన్ను తీసుకెళ్ళింది. లైన్లో నా ముందున్నావిడ నేను మా అమ్మాయితో మాట్లాడటం విని వెనక్కి తిరిగి, "తెలుగోల్లా అక్కా, ఏ ఊరు?" అంది. హైదరాబాద్ అన్నాను. "హైదరాబాద్ల యాడ?" పుట్టి పెరిగింది చిక్కడపల్లి అన్నాను, ఏం చదివావు, ఎక్కడ చదివావు, లైను కదలట్లేదు కదా, అన్నీ అడిగింది. కోఠి అనగానే, "మా వదినె గూడ గదే కాలేజీ! ఎన్‌సీసీల ఢిల్లీ పరేడ్‌కు వొయింది. సింహం పక్కన దిగిన ఫోటో ఇంకా ఇంట్ల గోడకున్నది, పక్కన ఒక బక్కపిల్ల ఉంటది, పెద్ద జడేస్కొని" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ బక్కపిల్లను నేనే అని మా అమ్మాయి చెప్పింది.

ఆవిడ అక్కడే ఫోన్ కలిపింది. నేను హలో అన్నాను. అటు వైపు కాసేపు ఏమీ లేదు, తర్వాత, "ఏమే, యాడ సచ్చినవే ఇన్నేండ్లు?" అని వినిపించింది, ఆ గొంతు రవ్వంత కూడా మారలేదు. ఇద్దరం ఏడ్చాం. దర్శనం ఎలా అయ్యిందో, స్వామిని చూశానో లేదో కూడా గుర్తులేదు నాకు.

డ్యూటీలో ఉన్నాను, అయిపోగానే వస్తున్నా, కోమలవిలాస్‌లో కూర్చోండి అంది. అదే రోడ్డులో 1947 నుంచి ఉన్న శాకాహార హోటల్. ఏం డ్యూటీ అని అడగాలని కూడా నాకు తట్టలేదు. సాయంత్రం తలుపు తోసుకుని యూనిఫాంలో లోపలికొచ్చింది. జుట్టు నెరిసింది, ఒళ్ళు కొంచెం వచ్చింది, నడక మాత్రం అదే. నేను లేచే లోపే వచ్చి పట్టుకుంది. సింగపూర్‌లో నా స్నేహితురాలు సిటీ బస్సు నడుపుతోంది. అక్కడ బస్ కెప్టెన్ అంటారు.

వుడ్‌ల్యాండ్స్‌లో ఉంటుంది, ఆ రాత్రి నన్ను వాళ్ళింటికి లాక్కెళ్ళింది. అక్కడ గవర్నమెంటు ఫ్లాట్లకు కింది అంతస్తు గోడల్లేకుండా ఖాళీగా వదిలేస్తారు, బెంచీలు వేసి ఉంటాయి, ముసలివాళ్ళు కూర్చుంటారు, పెళ్ళిళ్ళూ జరుగుతాయి. అందరూ పడుకున్నాక మేం అక్కడ బెంచీ మీద కూర్చున్నాం. దాని కథంతా అప్పుడే తెలిసింది. వర్క్ పర్మిట్ మీద పనిచేసేవాళ్ళు కుటుంబాన్ని తెచ్చుకోవడానికి అక్కడ ఒప్పుకోరు, అందుకని పెళ్ళయ్యాక ఏళ్ళ తరబడి అత్తగారి ఊళ్ళోనే, మొగుడు ఎప్పుడో సెలవు మీద వస్తే చూడటం. నా ఉత్తరాలు తన చేతికి వచ్చే ముందు ఇంట్లో అందరూ చదివేవాళ్ళట. "నువ్వు రాసిన ముచ్చట్లు మా మామ సదివి ఇనిపిస్తుంటే నాకు సిగ్గయ్యేది, గందుకే జవాబు రాసుడు బంద్ జేసిన" అంది. ఇన్నేళ్ళు ఆ జవాబు ఎందుకు రాలేదా అని నేను పడిన బాధ ఆ ఒక్క మాటతో కరిగిపోయింది.

తర్వాత ఆయనకు సూపర్‌వైజరుగా మంచి పాస్ వచ్చింది, 90ల చివర్లో తనను తీసుకెళ్ళాడు. సూపర్ మార్కెట్‌లో సరుకులు సర్దింది, పిల్లల్ని చదివించింది, పీఆర్, అంటే అక్కడే స్థిరంగా ఉండే అనుమతి, వచ్చాక, వాళ్ళు కాస్త పెద్దయ్యాక బస్సు ట్రైనింగ్‌కి పేరిచ్చింది. పెద్ద బండి స్టీరింగ్ పట్టుకున్న మొదటి రోజు భయం వేయలేదా అంటే, "కర్ఫ్యూల నాయిన నన్ను స్కూటర్ మీద తెచ్చిండు గద, దానికన్న భయమా?" అంది.

2007 ఆగస్టు 25 గురించి అదే ఎత్తింది. ఆ శనివారం రాత్రి టీవీలో గోకుల్ చాట్‌లో బాంబు పేలిందని, లుంబిని పార్క్‌లో పేలిందని చూసి, మనం నిలబడి తిన్న చోటే కదా, ఇది ఇంకా అటు వెళ్తుందేమో, పిల్లలతో వెళ్ళిందేమో అని నా కోసం అల్లాడిపోయిందట. చిక్కడపల్లి ఓనర్ల నంబరు ఇంకా నోటికే ఉంది దానికి. ఆ నంబరు కలిపింది. కలవలేదు. మన ల్యాండ్‌లైన్ నంబర్లన్నిటికీ ముందు 2 చేరిందని అంత దూరంలో ఉన్న దానికి ఎవరు చెబుతారు? మర్నాడు, ఆ మర్నాడు కూడా కలిపిందట. పేపర్‌లో పేర్లు వస్తే ఒక్కొక్కటే చదివిందట, నా పేరుందేమోనని. నేను ఆ రాత్రి మా ఇంట్లో టీవీ ముందే కూర్చుని ఉన్నాను. నా కోసం ఒక మనిషి సముద్రం అవతల అంత వేదన పడిందని ఇన్నేళ్ళకు తెలిసింది. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

"మరి బుద్ధున్ని లేపిన్రట గద, నువ్వు జూసినవా?" అని అడిగింది. 1992 డిసెంబరులో తీశారు, చూశాను, నువ్వు లేకుండా చూశాను అన్నాను.

పొద్దున్నే వంటింట్లో చప్పుడుకి మెలకువ వచ్చింది. సర్వపిండి చేస్తోంది. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కరివేపాకు, పచ్చిమిర్చి ముద్ద. గిన్నె అడుగున నూనె రాసి, పిండి ముద్ద పెట్టి, తడి వేళ్ళతో అంచుల దాకా పల్చగా ఒత్తుకుంటూ పోయి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి ప్రతి చిల్లులోనూ ఒక్కో చుక్క నూనె. గుండ్రటి గిన్నె కూడా అదే, వాళ్ళమ్మది, లాల్ దర్వాజ ఇల్లు అమ్మినప్పుడు పంపకాల్లో ఇదొక్కటే అడిగి తెచ్చుకుందట. అడుగు ఎర్రగా కాలిన ముక్క విరిచి నా చేతిలో పెట్టింది. డబ్బాలో కూడా సర్దింది, మా అమ్మాయికని.

నేను వచ్చేసే ముందు తన బస్సు ఎక్కమంది. డబుల్ డెక్కరే. మన దగ్గర ఆ బస్సులు ఎప్పుడో తీసేశారు, 2023లో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ మూడు ఎలక్ట్రిక్‌వి తెచ్చింది కానీ అవి వేరు, 7 జెడ్ వేరు. నేను కార్డు ట్యాప్ చేసి దాని పక్కన నిలబడబోతే, డ్రైవర్‌తో మాట్లాడకూడదు కదా, కళ్ళతోనే పైకి పొమ్మంది. పైన ముందు సీటు ఖాళీగా ఉంది. పైన ఎవరున్నారో డ్రైవర్‌కి కింద స్క్రీన్‌లో కనిపిస్తుందని ముందే చెప్పింది కాబట్టి, కూర్చుని కెమెరా వైపు చెయ్యి ఊపాను. నా కింద ఎక్కడో అది స్టీరింగ్ పట్టుకుని ఉంది, నేను దాని బస్సులో రోడ్డు పక్కన చెట్ల కొమ్మలు అద్దానికి తగులుతుంటే చూసుకుంటూ వెళ్తున్నాను. పెద్ద మలుపులో అంత పొడుగు బస్సుని ఒక్క కుదుపు లేకుండా తిప్పింది. వెనక సీట్లో కూర్చున్న ఎవరో చైనా పెద్దావిడకు, ఈ బస్సు నడిపేది నా ఫ్రెండ్ అని చెప్పాను. ఆవిడ నవ్వి తలూపింది. మా అమ్మ బతికి ఉంటే ఆవిడకూ చెప్పేదాన్ని, నువ్వు టీవీలో చూపించిన పిల్ల అని.

జనవరిలో హైదరాబాద్ వస్తోంది, టికెట్లు కూడా తీసేసుకుంది. మన రెసిడెన్సీ భవనాన్ని బాగుచేశారని చెబితే నమ్మలేదు, ఫోటోలు పంపించాను. కాలేజీ ఇప్పుడు యూనివర్సిటీ అయింది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు, ఆ సంగతి విని ఎంత సంతోషపడిందో. మిగతావాళ్ళను కూడా వెతుకుదామంటోంది. గౌలిగూడ నుంచి వచ్చే హార్మోనియం అమ్మాయి, సైదాబాద్ అక్కచెల్లెళ్ళు, చివరి పరీక్షకు మెడలో పసుపుతాడుతో వచ్చి రాసిన మలక్‌పేట అమ్మాయి, వీళ్ళందరూ దానికి గుర్తున్నారు, నాకూ గుర్తున్నారు. మీ అమ్మో, పిన్నో, అత్తో 1989 నుంచి 92 దాకా కోఠి విమెన్స్ కాలేజీలో బీఏ చదివి ఉంటే ఒక్కసారి అడగండి. సింహాల దగ్గర కూర్చునే లాల్ దర్వాజ ఎన్‌సీసీ పిల్ల గుర్తుందా అని అడిగితే చాలు, తెలిసినవాళ్ళు వెంటనే చెబుతారు. గుర్తుంది అంటే నాకు రాయమనండి. పెళ్ళికి ముందున్న ఇంటి పేరు తప్పకుండా రాయమనండి, మాకు తెలిసింది అదే.